వద్దన్న కంప్యూటరు

విశాఖపట్నం, వన్‌టౌన్
9 నవంబరు 2025

తమ్ముడు కృపాకర్‌కి,

మీ అక్క వందనాలు. స్టెఫీ కొన్న కొత్త కంప్యూటరు మొన్న గురువారం నా డీటీపీ షాపుకి చేరింది. ఆటోవాడు పెట్టె గుమ్మంలో దింపి, "ఏటమ్మా ఇందులో, టీవీయా?" అనడిగాడు. "కాదురా, నా శవపేటిక" అన్నాను. పాపం బెదిరిపోయాడు. పెట్టె విప్పలేదు. బల్ల కింద తోశాను. కాళ్ళు పెట్టుకోవడానికి బాగుంది.

పిల్ల మీద నాకు కోపం లేదు, అది నువ్వు దానికి చెప్పు. ఐదో ఏట తల్లి పోయినప్పటి నుంచి నా పక్కలో పడుకుని పెరిగిన పిల్ల. ఉద్యోగం వచ్చింది, మొదటి బోనసు వచ్చింది, అత్తకి ఏదో చెయ్యాలనుకుంది. అంతవరకూ సంతోషమే. కానీ నాకది వద్దు.

పాతదానికేం వచ్చింది? ఎక్స్‌పీ ఇప్పుడెవరూ వాడరని, దానికి కాలం చెల్లి పదేళ్ళు దాటిందని, వైరస్‌లు దూరతాయని అది చెబుతుంది. నెట్టే లేని కంప్యూటరులోకి ఏ దారిన దూరతాయో నాకు తెలియదు. నా తెలుగు అక్షరాల సాఫ్ట్‌వేర్ అందులోనే నడుస్తుంది. వెనకాల అగ్గిపెట్టెంత లాకు ఒకటి దోపి ఉంటేనే తెరమీద తెలుగు పడుతుంది. కొత్తవాటికి ఆ లాకు దోపే సందే ఉండదట. ఇరవై ఏళ్ళుగా నా వేళ్ళకి తెలిసిన తెలుగు అదొక్కటే. ఆ వేళ్ళు తడబడ్డ రోజున షాపు మూసి తాళం పక్క టైలరు షాపు సూర్యకాంతమ్మకి ఇచ్చెయ్యడమే.

వాగ్దాన కార్డుల పని నెత్తిమీదుంది. జనవరి ఒకటి ఉదయం ఆరాధనలో పళ్ళెంలోంచి తలా ఒక కార్డు తీసుకుని, అందులో పడ్డ వాక్యమే ఆ ఏడాదికి తమదని దాచుకుంటారు కదా, మన సంఘానికీ ఆనందపురం సంఘానికీ ఏటా నేనే చేసేది. ఈ నెలలోనే కొట్టి పెట్టుకోవాలి. ఒంట్లో ఓపిక ఇదివరకులా లేదు.

నీ ఉత్తరం సూర్యకాంతమ్మే తన షాపులో చదివి పెట్టింది. నా కళ్ళజోడు రిపేరుకిచ్చాను.

అక్క, కృపావతి


మిషన్ హాస్టలు, అరకు పైన
17 నవంబరు 2025

అక్కా,

నీ ఉత్తరం అందింది. ఉత్తరమా అది? బ్యాంకువాళ్ళ నోటీసులా టైపు కొట్టి పంపుతావు. ఏడాదిగా చూస్తున్నాను, నీ చేతిరాత మరిచిపోయేలా ఉన్నాను.

ఇక్కడ చలి ముదిరింది. పొద్దున్నే నీళ్ళు ముట్టుకుంటే వేళ్ళు కొంకర్లు పోతున్నాయి. వంటామె సీలేరు నుంచి వచ్చిన కొత్త మనిషి. నేను సాంబారు బాగుందంటే తిట్టాననుకుని ఏడ్చిందట. నా గొంతు ఎంత పెద్దదో నాకు తెలియదు కదా! "వార్డెన్‌గారు ప్రార్థన సేత్తే అవతల కొండోళ్ళు కూడా ఆమెన్ అంతారు" అని హాస్టలు పిల్లలు నవ్వుతున్నారు. స్టీలు ప్లాంటులో పాతికేళ్ళు మిల్లు పక్కన నిలబడ్డ చెవులు, ఏం చేస్తాం. ఫోను నా చెవికి ఆనదు, ఈ కొండకి సిగ్నలూ ఎక్కదు. మనిద్దరికీ పోస్టుమాన్ ఒక్కడే గతి.

అసలు సంగతికి వస్తాను. స్టెఫీ ఏడ్చిందే అక్కా. నేను సరుకుల కోసం అరకు దిగినప్పుడు దాని మెసేజీలు వరసగా వచ్చాయి. "అత్త పెట్టె విప్పను కూడా లేదు నాన్నా, కాళ్ళ కింద పెట్టుకుంది" అని రాసింది. అది నీకు పరాయిదా? ఆ పాత డొక్కు ఏదో రోజు ఆగిపోతే ఇరవై ఏళ్ళ పనీ దాంతో పోతుందని దాని భయం. నేర్చుకుంటే రానిదేముంది? టైపు పరీక్షలో జిల్లాకే పేరు తెచ్చుకున్నదానివి.

ఇంకొకటి. మన ఇంటి ఉత్తరాలు టైలరు షాపులో చదివించడమేమిటి? కళ్ళజోడు రిపేరుకి ఎన్నాళ్ళు పడుతుంది? వీధి వీధంతా మన సంగతులు కుట్టుకుంటారు.

నీ తమ్ముడు, కృపాకర్


విశాఖపట్నం
24 నవంబరు 2025

తమ్ముడూ,

నీ ఉత్తరం ఈసారీ సూర్యకాంతమ్మే చదివింది. టైలరు షాపు ముక్క దగ్గరకొచ్చేసరికి గొంతు ఇంకా పెంచి చదివింది. తర్వాత టీ కూడా ఆవిడే పోసింది, కాబట్టి నువ్వు సిగ్గుపడు.

నేర్చుకుంటే రానిదేముందన్నావు. యాభై ఏడేళ్ళు నాకు. పొద్దున్నే షట్టరెత్తి పాతదాని బొత్తాం నొక్కితే గర్రుమని ఫ్యాను లేస్తుంది. తర్వాత కుయ్యిమని ఒక కూత. అప్పుడు ఆల్ట్, ఎఫ్, నాలుగుసార్లు కిందికి, ఎంటర్. ఫైలు తెరుచుకుంటుంది. నేను తెరవంక చూడను కూడా చూడను. స్టెఫీ తన ల్యాప్‌టాప్ తెచ్చి కొత్త విండోస్ చూపించింది. అక్కడ అన్నీ చోట్లు మారాయి. చప్పుడు లేదు, కూత లేదు, అది బతికుందో లేదో కూడా తెలియలేదు. "ఈ బొమ్మ మీద నొక్కు అత్తా, ఆ బొమ్మ మీద నొక్కు అత్తా" అంటుంది. ఎన్ని బొమ్మలని చూస్తానురా?

అది మంచిది కాదని నేననడం లేదు. కుర్రాళ్ళకి మంచిదే. నన్ను మాత్రం ఉన్నన్నాళ్ళు ఇలా ఉండనివ్వండి. నాకు వద్దు. ఎంత చెప్పినా వద్దు.

కార్డులన్నీ కొట్టేశాను. సూర్యకాంతమ్మ ప్రూఫు చదివింది. మన సంఘానివి అచ్చు కూడా అయిపోయాయి. ఆనందపురానివి ఆరు వందలు, అచ్చుకి కాగితం రావాలి. డిసెంబరు పన్నెండు, పదమూడు యారాడలో స్త్రీల కూడిక. రెండు రోజులు సముద్రం గాలి పీల్చుకొస్తాను, చాలా అలిసిపోయాను.

అక్క


అరకు పైన
1 డిసెంబరు 2025

అక్కా,

నువ్వు ఎంత చెప్పినా వద్దన్నావు, చదివి నవ్వుకున్నాను. మనింట్లో వద్దనడమంటే ఏమిటో నాకు తెలియదా? వద్దు వద్దంటూనే రెండో గరిటె వేయించుకునేవాళ్ళం. అమ్మ పోయేవరకూ కొత్త చీర వద్దనే అంది, తెచ్చిస్తే ఊరంతా చూపించింది. మన దగ్గర వద్దంటే వడ్డించమనే. మూడుసార్లు వద్దన్నావు, మూడో వద్దు అయిపోయింది కాబట్టి ఇంక పళ్ళెం జరపకు.

మొహమాటమొక్కటే కాదు, ఇంకోటి కూడా ఉందని నాకు తెలుసు. రాయకుండా ఉండలేను. మన భూమి ప్లాంటుకి పోయి ఇంటికో ఉద్యోగమని ఆర్ కార్డు వచ్చినప్పుడు అది నాకు దక్కింది. టైపు హయ్యర్ పాసైంది నువ్వు, పెద్దదానివి నువ్వు. ముప్ఫై ఏళ్ళు దాటినా ఆ ముల్లు నీకు గుచ్చుకుంటూనే ఉంది. అందుకే నా కూతురి చేత్తో ఇచ్చింది తీసుకోవు. కానీ నాన్న అడిగినప్పుడు "నాకొద్దు, తమ్ముడికే ఇవ్వండి" అన్నది నువ్వే కదా? నువ్వు వద్దంటేనే కదా నేను తీసుకున్నాను?

ఇంక ఈ ఉత్తరానికి జవాబు రాయకు, యారాడ వెళ్ళి హాయిగా ఉండు. సముద్రం ఒడ్డున చెప్పుల్లేకుండా నడవకు, షుగరు మనిషివి.

కృపాకర్


విశాఖపట్నం
15 డిసెంబరు 2025

కృపాకర్‌కి,

నేను చెబుతున్నాను, సూర్యకాంతమ్మ రాస్తోంది. ఎందుకంటే కొత్తదాని మీద నా చేత్తో ఒక్క ముక్క పడలేదు.

శనివారం సాయంత్రం యారాడ నుంచి వచ్చి షట్టరెత్తితే కొత్త ప్లాస్టిక్ వాసన. పాతది అటకెక్కింది. బల్లమీద కొత్తది. స్టెఫీ పక్కన నిలబడి, "ఎలాగుంది అత్తా?" అంది. దాని గొంతులో అంత సంబరం ఉంటే ఏమనమంటావు? బాగుందన్నాను. "నాన్నే సెప్పాడు, అత్త వద్దంటాది గానీ పెట్టేయ్ అని" అంది. అప్పుడు నాకు తెలిసింది ఇది ఎవరి వడ్డనో.

ఆనందపురం కాగితం వచ్చి కూర్చుంది. స్టెఫీ ఫైలు తెరిచిపెట్టి, "ఈ రెండు మీటలూ నొక్కితే చాలు, పాతదాంట్లో లాగే" అని ఆఫీసుకి పోయింది. ప్రూఫు ముందే చూసేశాం కాబట్టి నొక్కాను. ఆరు వందలూ వచ్చాయి. కోసి, కట్టలు కట్టి, ఇవాళే ఆనందపురం బస్సులో వేయించాను. ఆ తర్వాత కొత్త పని ఒకటొస్తే చేతకాదని తిప్పి పంపాను. ఇరవై ఏళ్ళలో మొదటిసారి.

ఆర్ కార్డు సంగతి నువ్వు ఎత్తకుండా ఉండాల్సింది. నేను ఎత్తలేదు.

కృపావతి

బాబూ, నాను సూర్యకాంతాన్ని. అప్ప సెప్పింది సెప్పినట్టే రాసినాను, తిట్లు రెండు వదిలేసినాను. మనిసి బాగోలేదు బాబూ. అన్నం తినడం నేదు. క్రిస్మస్ జాకెట్లు పీకలమీదున్నాయి, నాకూ సూడ్డానికి తీరడం నేదు. ఓపాలి రండి.


అరకు పైన
22 డిసెంబరు 2025

అక్కా,

చేత్తో రాయడం ఎప్పుడో మానేశావు. ఇప్పుడు టైపు కొట్టడానికి కూడా మనసు రాక పక్కావిడ చేత తిట్టించావు. కానివ్వు.

స్టెఫీ ఏమో "అత్తకి బాగా నచ్చింది నాన్నా, వెంటనే పని కూడా చేసేసింది" అని మెసేజీ పెట్టింది. దానికి బాగుందంటావు, నాకు బాగోలేదంటావు. మా ఇద్దరిలో ఎవరు నమ్మాలి నిన్ను? ఆరు వందల కార్డులు వచ్చాయని నువ్వే రాశావు. అంటే పని జరుగుతున్నట్టే కదా. చేతకాదని పని తిప్పి పంపడం మొండితనం తప్ప ఇంకేమిటి?

నేను రావాలంటే పిల్లలకి క్రిస్మస్ అయ్యాక గానీ కుదరదు. వచ్చి మాత్రం ఏం చేస్తాను, నువ్వు చెప్పేది నాకు వినబడదు, నేను చెప్పేది నువ్వు వినవు. నాకూ విసుగొచ్చింది అక్కా. ఈ కంప్యూటరు గొడవలో ఇక నేను తలదూర్చను.

పండగ శుభాకాంక్షలు.

కృపాకర్


విశాఖపట్నం
6 జనవరి 2026

తమ్ముడూ,

ఇది నా వేళ్ళతో నేనే కొడుతున్నాను, పాతదాని మీద. ఎలా దిగొచ్చిందో చెబుతాను, ఓపిగ్గా చదువు.

శుక్రవారం మధ్యాహ్నం ఆనందపురం పాస్టరు అయ్యగారు షాపుకొచ్చారు. కూర్చోమంటే కూర్చోలేదు. ఒక కార్డు నా చేతిలో పెట్టి, "కృపమ్మగారూ, ఇదొకసారి చదవండి" అన్నారు. వెలుతురు వైపు తిప్పి పట్టుకున్నాను. కాగితం మందం సరిగ్గానే ఉంది, కోత సూటిగానే ఉంది, నల్లగా నాలుగు వరసలున్నాయి. "బాగానే ఉంది కదండీ" అన్నాను.

ఆయన కుర్చీ లాక్కుని కూర్చున్నారు. తర్వాత మెల్లిగా, "అమ్మా, ఇందులో తెలుగే లేదమ్మా" అన్నారు.

ఇంగ్లీషు అక్షరాలూ, సున్నాలూ, గీతలూ కలగలిపి పడ్డాయట ఆరు వందలకీ. లాకు లేకపోతే నా అక్షరాలు అలాగే అవుతాయి. ఒకవైపు పూలబొమ్మ, అదే పైకి పెట్టి పళ్ళెంలో సర్దుతారు, ముందు ఎవరూ తిప్పి చూడలేదు. ఒకటో తారీఖు పొద్దున్న అందరూ వరసకట్టి, కళ్ళు మూసుకుని, ఒక్కొక్కటీ తీసుకుని తిప్పి చూసుకున్నారట. ఏడాదంతా పట్టుకుని బతకాల్సిన మాట. నా చేత్తో నేనిచ్చింది ఆ చెత్త. తమ్ముడూ, నాకు ఆ క్షణంలో నేల చీలితే బాగుండుననిపించింది.

నీకింక తెలిసే ఉంటుంది. కళ్ళజోడు రిపేరులో లేదు. కళ్ళజోడుతో పనే లేదు. షుగరు కళ్ళ మీదకి వచ్చి ఏడాదిన్నర అయింది. ఎడమది పూర్తిగా పోయింది. కుడిదానికి మూడుసార్లు సూదులు పొడిచారు. మనిషి ఆకారం తెలుస్తుంది, ముఖం తెలియదు. అక్షరం అసలు తెలియదు. "పోయింది రాదమ్మా, ఉన్నది నిలబెట్టుకోండి" అన్నాడు డాక్టరు. పెన్ను పట్టుకుంటే వరస మీద వరస ఎక్కిపోతుంది, అందుకే నీకు టైపు ఉత్తరాలు. సూర్యకాంతమ్మకొక్కదానికే తెలుసు, ఒట్టు వేయించుకున్నాను.

ఎందుకు దాచావంటావు. కళ్ళు లేని మనిషికి అచ్చుపని ఎవరిస్తారురా? పాతదాంట్లో నాకు కళ్ళతో పనిలేదు. ఫ్యాను లేవడం వింటాను, కూత వింటాను, నాలుగుసార్లు కిందికి నొక్కుతాను. ఎక్కడేముందో వేళ్ళకి తెలుసు. కొత్తదాంట్లో నేను గుడ్డిదాన్ని. పాతదాంట్లో ఇంకా కాలేదు. అంతేరా నా మొండితనం. వద్దన్నది అందుకు. నీ ఆర్ కార్డు గురించీ కాదు, మొహమాటమూ కాదు.

అయ్యగారు వెళ్ళాక స్టెఫీకి కబురుపెట్టాను. అది పరుగెత్తుకొచ్చి కార్డు చూసింది. "నాను పూలబొమ్మేపే సూసేను అత్తా, వెనకేపు సూల్లేదు" అని నా ఒళ్ళో పడి ఏడ్చింది. నా కళ్ళ సంగతి దానికీ అప్పుడే చెప్పాను. ఇద్దరం ఏడవడం అయ్యాక అదే అటకెక్కి పాతదాన్ని దింపింది. దుమ్ము దులిపి, లాకు దోపి, బొత్తాం నొక్కింది. గర్రుమంది. శనివారం రాత్రయ్యేలోపు ఆరు వందలూ మళ్ళీ తీశాం. ఈసారి సూర్యకాంతమ్మా స్టెఫీ ప్రతి కార్డూ చూశారు.

ఆదివారం ముగ్గురం ఆనందపురం వెళ్ళాం. ఆరాధన అయ్యాక నిలబడి తప్పు ఒప్పుకున్నాను. నాకు కనబడదని కూడా చెప్పేశాను, ఇంక దాచడానికేముంది. ఎవరూ ఒక్క మాట అనలేదు. వచ్చి పాత కార్డు ఇచ్చి కొత్తది తీసుకున్నారు. సీతాలని ఒక ముసలావిడ, కూరగాయలమ్ముకుంటుందట, ఆవిడ మాత్రం ఇవ్వనంది. "నాకు సదువు రాదు కదమ్మా. ఏ ఏడూ సదవలేదు. ఒకటో తారీకున దేవుడు నా సేతిలో పెట్టింది ఇదే. ఏటి రాసేడో ఆయనకి తెల్దా?" అంది. కొత్తది కూడా తీసుకో అమ్మా అంటే, "ఒద్దు" అంది. ఆవిడ నిజంగానే వద్దంది, ఎవరూ బలవంతం చెయ్యలేదు. నాకు ఆవిడ మీద ఎంత అసూయ కలిగిందో చెప్పలేను.

ఇప్పుడు ఊరికంతా తెలిసింది. పని వస్తుందో రాదో తెలియదు. వచ్చినా ప్రూఫు చూసే కళ్ళు కావాలి. సూర్యకాంతమ్మకి తన కుట్టు పనుంది, స్టెఫీకి ఉద్యోగం ఉంది. ఈ నెలాఖరు వరకూ చూసి షట్టరు దించేద్దామనుకుంటున్నాను. అలిసిపోయానురా.

అక్క


అరకు పైన
12 జనవరి 2026

అక్కా,

నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. మూడోసారి పైకే చదివానేమో, వంటామె గుమ్మంలో నిలబడి ఏడుస్తోంది.

టైపు ఉత్తరమని వెక్కిరించాను. సూర్యకాంతమ్మ చదివిందని దెప్పాను. చేతకాదంటే మొండితనమన్నాను. ఏం తమ్ముణ్ణి అక్కా నేను!

రెండు రోజులుగా ఒకటే ఆలోచన. నువ్వు గట్టిగా వద్దన్నవి రెండే రెండు. నాన్న ముందు నిలబడి ఆర్ కార్డు వద్దన్నావు. అప్పుడు నీకు ఇరవై నాలుగేళ్ళు, టైపు సర్టిఫికెట్టు పమిట మాటున పట్టుకునే ఉన్నావు, నేను చూశాను. అది మొహమాటమని, నాన్న ఇంకొక్క మాట అడిగితే తీసుకుంటావని నాకు తెలుసు. అయినా నిజమని నమ్మేశాను, నాకు అవసరం కాబట్టి. ఇప్పుడు కంప్యూటరు వద్దన్నావు. అది నిజం. దాన్నేమో మొహమాటమనుకున్నాను. రెండుసార్లూ తప్పే చదివాను, కళ్ళు రెండూ బాగున్నవాణ్ణి.

ఈ నెలాఖరుకి వార్డెన్ పని వదిలేస్తున్నానని చెప్పేశాను. షట్టరు దించకు. స్టెఫీ కంప్యూటరు లెక్కాజమాలకి నేను వాడతాను, పాతది నీది, దాన్ని ఎవరూ ముట్టుకోరు. వచ్చిన కాగితం నేను పైకి చదువుతాను, ఎలాగూ అరుస్తాను కదా. నువ్వు విని కొట్టు. ప్రూఫు నేను చూస్తాను. నాకేదైనా చెప్పాలంటే టైపు కొట్టి కాగితం నా వైపు తొయ్యి, మనకి ఉత్తరాలు అలవాటే.

రెండో తారీఖు మధ్యాహ్నం బస్సుకి వస్తాను. నువ్వు వద్దంటే ఈసారి నిజమని నమ్ముతాను అక్కా, ఇక్కడే ఉండిపోతాను. అందుకని బాగా ఆలోచించి రాయి.

తమ్ముడు


విశాఖపట్నం
19 జనవరి 2026

తమ్ముడూ,

వద్దనడం లేదు.

అక్క